ఎనిమిదో నెలలో అన్‌ఫిట్

ఒక కుర్చీ అడగబోయి ఉన్న ఉద్యోగానికే ఎసరు పెట్టుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నన్ను చూడండి. పేరు స్వరూప, చదివింది డిగ్రీ. ఆ డిగ్రీ ఉండబట్టే ఇంత అనర్థం జరిగింది. రాయడం రాకపోయి ఉంటే నోటితో అడిగేదాన్ని, నోటితో అడిగి ఉంటే కుర్చీ వచ్చేది. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వేయండి. అప్పట్లో మా కాలనీ అంతా నవ్వింది, నవ్వనిది నేనొక్కదాన్నే.

మాది గోదావరిఖని దగ్గర. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. మా బాపు వయసంతా ఆ బాయిలోకి దిగుతూ ఎక్కుతూ గడిపాడు. చివరికి ఊపిరితిత్తులు మొరాయిస్తే, ఇక ఈయన పని చేయలేడని డాక్టర్లు కాగితం రాశారు. ఆయనకు కొడుకుల్లేరు. అక్కకు పెళ్లయి బెల్లంపల్లి వెళ్లిపోయింది. అందుకని ఆయన ఉద్యోగం నాకొచ్చింది. ఇలా ఒకరు జబ్బుపడి దిగిపోతే ఇంట్లో ఇంకొకరు ఎక్కే పద్ధతికి మా దగ్గర ఒకటే మాట ఉంది: అన్‌ఫిట్. బయటి ఊళ్లలో ఎవరినైనా అన్‌ఫిట్ అంటే తిట్టినట్టు. మా దగ్గర అది ఆస్తి పంపకం. ఫలానా వాళ్ల నాన్న అన్‌ఫిట్ అయ్యాడని తెలిస్తే అయ్యో పాపం అనేవాళ్లు తక్కువ, కొడుకు పేరేమిటని అడిగేవాళ్లు ఎక్కువ. పుట్టినప్పటి నుంచీ ఈ మాట వింటూ పెరిగినదాన్ని నేను. ఈ సంగతి మీరు కాస్త గుర్తుంచుకోండి, ఎందుకంటే సమయానికి నేను మరిచిపోయాను.

నాకు ల్యాంప్ రూమ్‌లో పని ఇచ్చారు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ మా కిటికీ దగ్గరికొచ్చి తన నంబరు బిళ్ల ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుపోతాడు. కిటికీ నా ఛాతీ ఎత్తున ఉంటుంది కాబట్టి షిఫ్టు మారే సమయంలో కూర్చుని చేయడం కుదరదు. మామూలు రోజుల్లో ఇబ్బందేమీ లేదు. ఎనిమిదో నెల వచ్చేసరికి కిటికీ దగ్గరికి ముందు నా కడుపు చేరుకునేది, తరువాత నేను. మధ్యలో కడుపు అడ్డం ఉండటంతో నేను చెయ్యి ఎంత చాపినా దీపం అవతలి మనిషికి అందేది కాదు. వాళ్లే కిటికీలోంచి సగం లోపలికి వంగి తీసుకునేవాళ్లు.

సెలవు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. కాన్పు సెలవంతా బిడ్డ పుట్టాక దగ్గరుండి చూసుకోవడానికి దాచుకున్నాను. అది నా తెలివి.

పనిలో కాస్త సుఖంగా ఉండటానికి నేను పడని పాట్లు లేవు. ముందు ఇంటి నుంచి దిండు తెచ్చుకున్నాను. ల్యాంప్ రూమ్‌లో ఒక ఎత్తు స్టూలు ఉండేది. దాని మీద దిండు, దిండు మీద నేను. మొదటి షిఫ్టు సగం కాకముందే స్టూలు ఒకవైపు, దిండు ఒకవైపు పోయాయి, గోడ ఉండబట్టి నేను మిగిలాను. తరువాత పాదాలు వాచి నా చెప్పులు పట్టకపోతే మా ఆయన చెప్పులు వేసుకొచ్చాను. బాయి గేటు దగ్గర ఒకతను వాటిని చూసి, "వదినె, మా అన్న ఇయ్యాల ఉత్త కాళ్లతోని పోయిండా?" అని ఎంతో శ్రద్ధగా అడిగాడు. ఇక బాత్‌రూమ్ క్యాంటీన్‌కు అవతల ఉంది. వెళ్లొచ్చేసరికి మళ్లీ వెళ్లే వేళయ్యేది.

ఇదంతా చూసి నాతో పనిచేసే రూతక్క జాలిపడింది. రూతక్క ముగ్గురు పిల్లల తల్లి, చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకునే గొంతు. ఆమె గుసగుసగా మాట్లాడినా మూడు గదుల అవతలికి వినిపిస్తుంది.

"స్వరూపా, నీకు టేబుల్ కాడ పని ఇయ్యాలె. వీపు ఆనిచ్చుకునే కుర్చీ ఇయ్యాలె. నిలబడి చేసే పనేనా ఇది నీకు? దరఖాస్తు పెట్టు."

"ఏమని రాయాలె అక్క?"

"గట్టిగ రాయాలె. కొంచెం ఇబ్బందిగున్నది సార్ అని రాస్తే ఎవలు చదువుతరు?"

గట్టిగా రాయడమంటే నాకు ప్రాణం. తెల్లకాగితం తీసుకుని, నా డిగ్రీనంతా కూడగట్టుకుని ఇలా రాశాను: "అయ్యా, నేను ల్యాంప్ రూమ్ నందు పని చేయుచున్నాను. గత కొంతకాలముగా నడుము నొప్పి, కాళ్ల వాపు, ఆయాసము కలిగి సదరు పనికి పూర్తిగా అన్‌ఫిట్ అయి ఉన్నాను. కావున నాపై దయ తలచి తగు చర్య తీసుకోగలరు." అన్‌ఫిట్ అన్న మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఒక్కటి చాలదనిపించి ఇంకోటి గీశాను.

మీరు పైకి వెళ్లి మళ్లీ ఒకసారి చదవండి. కుర్చీ అన్న మాట ఎక్కడైనా ఉందా? లేదు. కడుపుతో ఉన్నానని ఉందా? అదీ లేదు. అంత కడుపు ఎదురుగా కనిపిస్తుంటే మళ్లీ రాయడం ఎందుకని రాయలేదు.

ఆఫీసులో రాజయ్య సారు తల ఎత్తకుండానే కాగితం తీసుకున్నాడు. కాగితాలు చూసీ చూసీ ఆయనకు మనుషుల్ని చూసే అలవాటు పోయింది. ఎర్ర గీతల మీద ఉన్నది చదివి, "సరేనమ్మా" అన్నాడు.

"ఎన్ని రోజులైతది సార్?"

"ఇది నా చేతుల ఉండదు. పైకి పోవాలె గద. ఓపిక పట్టు."

ఒక్క కుర్చీ కోసం పైదాకా పోవాలా అని ఆశ్చర్యపోయాను. అంత పైనుంచి వచ్చేదంటే కచ్చితంగా మెత్తటిదే అయి ఉంటుందని ఆశపడ్డాను కూడా.

ఇప్పుడు మా ఆయన గురించి చెప్పాలి. పేరు తిరుపతి. కాంట్రాక్టరు దగ్గర మట్టి లారీ నడుపుతాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకు ఉన్న బాధ ఒక్కటే, సెంటినరీ కాలనీలో మేముండే క్వార్టరు పెళ్లాం పేరు మీద ఉండటం. ఎవరైనా "నువ్వు ల్యాంప్ రూమ్ స్వరూప ఇంటాయనవు కదా" అంటే ఆ పూట అన్నం సరిగా తినడు. దరఖాస్తు పెట్టిన రోజు సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఈ మనిషి నీళ్లు పట్టి, బియ్యం కడిగి, వాకిట్లో కుర్చీ వేసి కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూసో స్వరూపా. కాళ్లు ఈ పీట మీద పెట్టుకో. చాయ్ తాగుతవా?"

తాగొచ్చాడేమోనని దగ్గరికెళ్లి వాసన చూశాను. లేదు. ఆ పూట నా కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని నొక్కాడు కూడా. మర్నాడు పొద్దున్నే ఊరి నుంచి మా అత్తమ్మ దిగింది, చేతిలో చేపల పులుసు గిన్నెతో. వస్తూనే నా రెండు బుగ్గలూ నిమిరింది.

"ఎంత మంచి మనసు బిడ్డ నీది. మా ఇంటికి దీపం పెడుతున్నవ్."

నేను కడుపు మీద చెయ్యి వేసుకుని, "నాదేమున్నది అత్తమ్మ, అంతా దేవుని దయ" అన్నాను.

"దేవుడేం చేసిండు, రాసింది నువ్వు గదనే" అంది. పెద్దావిడ ఏదో నుదుటి రాత గురించి వేదాంతం చెబుతోందనుకున్నాను.

"ఎన్ని రోజులల్ల వస్తదంటవ్?"

"ఇంకో నెలన్నర అత్తమ్మ."

"గంత జల్దినా? మా ఊళ్లె కొమురయ్య కొడుక్కు రెండేండ్లు పట్టింది."

కొమురయ్య కొడుక్కు పెళ్లయిన రెండేళ్లకు పిల్లలు పుట్టారని చెబుతోందనుకుని, కొందరికి ఆలస్యమవుతుందిలే అని ఓదార్చాను. ఆవిడ కూడా తృప్తిగా తల ఊపింది. ఇద్దరం ఒకరి మాట ఒకరికి ఇంత బాగా అర్థమైందని సంతోషించడం అదే మొదటిసారి.

నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ నేను పడినంత సుఖం అంతకు ముందు ఎప్పుడూ పడలేదు. అడగకుండానే మంచినీళ్లు, పడుకోబోతే నడుము కింద దిండు. పెళ్లయిన మూడేళ్లకు నా మొగుడి మీద నాకు ప్రేమ పుట్టింది. బిడ్డ కడుపులో ఉంటే మగవాడు ఎంత మారిపోతాడో అని డ్యూటీలో రూతక్కకు చెప్పుకుని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపానికే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

మూడో రోజు మొదటి షిఫ్టులో కిటికీ దగ్గర అసలు సంగతి బయటపడింది. బిళ్ల ఇస్తూ ఒకతను నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం రోగమక్క? చూస్తే మంచిగనే ఉన్నవ్."

"రోగమేంది?"

"అన్‌ఫిట్ పెట్టుకున్నవట గద."

నాకు అర్థం కాలేదు. వెనకాల ఉన్నవాడు అందుకున్నాడు. "గుండెనా, కిడ్నీనా? మా బామ్మర్దిది మూడేండ్ల సంది తిప్పుతున్నరు. నువ్వు ఎవల్ని పట్టినవో జర చెప్పక్క."

ఆ వెనకాల మా బాపుతో కలిసి పనిచేసిన మల్లేశం కాక ఉన్నాడు. ఆయన నా కడుపు వైపు చూస్తూ, "నౌకరి ఎవలికి రాసిస్తున్నవ్ బిడ్డ? కడుపుల ఉన్నోనికా?" అన్నాడు. వరసంతా నవ్వింది.

"వాడెందుకు కాక, తిరుపతన్న ఎక్కుతడట. నిన్న చౌరస్తల అందరికీ చాయ్ తాపిండు" అని ఇంకెవరో చెప్పారు.

చేతిలో దీపం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నీళ్లు, పీట, కాళ్లు నొక్కడం, చేపల పులుసు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ రోజు నాకంటే ముందే ఆఫీసు నుంచి కబురు మా ఇంటికి చేరిందన్నమాట. అవతల మనిషి కిటికీలోంచి వంగి నా చేతిలోంచి దీపం లాక్కోవాల్సి వచ్చింది. రూతక్క తన గొంతుతో, "గట్టిగ రాయమన్న గని, గంత గట్టిగనా?" అంది. ఆ మాట వరస చివర ఉన్నవాళ్లకు కూడా వినిపించింది.

అంతలో బెల్లంపల్లి నుంచి ఫోన్. బాపు అక్క దగ్గర ఉంటున్నాడు. కబురు అక్కడిదాకా వెళ్లింది. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగాడు.

"నీకు గూడ ఊపిరి ఆడుత లేదా బిడ్డ?"

"లేదు బాపు. నేను మంచిగనే ఉన్న. కుర్చీ కోసం రాసిన, అది ఇట్లయింది."

బాపు ముక్కు చీదుకోవడం వినిపించింది. ఏడుస్తున్నాడని తెలిసింది. "పానం మంచిగుంటే చాలు బిడ్డ. దుమ్ము నీదాక వచ్చిందేమో అనుకున్న" అన్నాడు. ఆ మూడు రోజుల్లో నాకు నిజంగా ఏమైందో అని భయపడ్డ మనిషి ఆయనొక్కడే.

రాజయ్య సారు దగ్గరికి పరుగెత్తాను. పరుగంటే మీరు ఎనిమిదో నెల పరుగు అనుకోవాలి.

"సార్, నా కాగితం నాకు ఇచ్చెయ్యుండ్రి."

"అది ఎప్పుడో దవాఖానకు పోయిందమ్మా. సోమవారం పరీక్షకు పిలిచిండ్రు. రాసుడు నీ చేతుల ఉంటది గని, వాపస్ తీసుకునుడు నీ చేతుల ఉండదు."

ఇంటికెళితే తిరుపతి అద్దం ముందు నిలబడి ఉన్నాడు. తలకు మా బాపు పాత బాయి టోపీ.

"అది ఎందుకు పెట్టుకున్నవ్ బావా?"

"సైజు చూస్తున్న."

"నేను కుర్చీ కోసం రాసిన."

"కుర్చీ కోసం అన్‌ఫిట్ అని రాస్తరా ఎవలన్నా?"

ఈ ఒక్క విషయంలో ఆయన మాట న్యాయం. "పొరపాటయింది" అన్నాను.

"అయితే అయింది. మంచిగనే అయింది. బిడ్డ పుట్టినంక ఎట్లయినా ఇంట్లనే ఉంటవ్. నౌకరి ఇల్లు దాటి ఎటూ పోదు గద, ఎవలు చేస్తే ఏంది?"

"ఇంట్ల ఉంట అని నేను ఎప్పుడన్న అన్ననా?"

"అనకున్నా తెలుస్తది గద."

అత్తమ్మ వంటింట్లోంచి, "మొగోడు నౌకరి చేస్తే నీకే సుఖం బిడ్డ. సుఖం కావాల్ననే గద రాసినవ్" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా బాపు ఊపిరి పోగొట్టుకుంటే వచ్చిన ఉద్యోగం అది. నా చేతి రాతతో అది పోతుందేమోనని భయం వేసింది. దానికంటే ఎక్కువ బాధ ఇంకోటి. రెండు రోజులు ఆయన నొక్కింది నా కాళ్లు అనుకున్నాను. ఆయన ఉద్యోగపు కాళ్లు పట్టుకున్నాడు.

సోమవారం దవాఖానకు ఇద్దరం వెళ్లాం. నేను ఫిట్ అనిపించుకోవడానికి, ఆయన నన్ను అన్‌ఫిట్ అనిపించడానికి. పరీక్ష గది మేడ మీద ఉంది. మెట్లెక్కి లోపలికి వెళ్లేసరికి నాకు ఊపిరి అందడం లేదు. కానీ ఊపిరి అందడం లేదని తెలిస్తే ఉద్యోగం పోతుంది. అందుకని నోరు మూసుకుని ముక్కుతో ఎగపోస్తూ నిలబడ్డాను. లోపల ఒక డాక్టరమ్మ ఉంది. ఆమె ఎదుట ఒక కుర్చీ. వెడల్పుగా, వీపుకు మెత్తటి దిండుతో, రెండు వైపులా చేతులతో, నేను నెల రోజులుగా కలగన్న కుర్చీ అచ్చం అలాగే ఉంది.

"కూర్చోమ్మా."

"వద్దు మేడం. నిలబడే ఉంట. నాకు నిలబడుడే అలవాటు."

"ఏంటి ఇబ్బంది?"

"ఏం లేదు మేడం."

"ఉన్నది మేడం" అన్నాడు తిరుపతి వెనక నుంచి. "నడుము నొప్పి అని దినాం మూలుగుతది."

"అది పాట మేడం. పాడుకుంట."

"కాళ్లు చూడుండ్రి మేడం, ఎంత వాచినయో."

"నా కాళ్లు పుట్టుకతోనే గంత."

"ఆయాసం గూడ ఉన్నది."

దానికి జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే అప్పటిదాకా ఆపుకున్న ఊపిరంతా ఒక్కసారి బుస్సుమని బయటికొచ్చింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈయన ఎవరు?"

"మా ఆయన."

"ఈయనకేం కావాలి?"

"నా నౌకరి మేడం."

అనుకుని అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది. తిరుపతి తల దించుకున్నాడు. ఆమె ఆయన్ని బయట కూర్చోమంది. తలుపు మూసుకున్నాక నా బీపీ చూసి, కడుపు మీద చెయ్యి వేసి, దరఖాస్తు చదివింది.

"ఎనిమిదో నెలని ఇందులో ఎందుకు రాయలేదు?"

"కనబడుతది గదా అనుకున్న మేడం."

"కాగితంలో నీ కడుపు కనబడదు కదమ్మా." ఆమెకు నవ్వొచ్చింది, కానీ నా ముఖం చూసి ఆపుకుంది. "నీకేం జబ్బు లేదు. ఫిట్ అని రాస్తాను. కాన్పయ్యేదాకా కూర్చుని చేసే తేలిక పని ఇవ్వాలని కూడా రాయనా? అది నీ హక్కు."

చూశారా. నేను అడగాలనుకున్నది, అడగడం చేతకానిది, ఒక పెద్ద డాక్టరు తనంతట తానే చేతిలో పెడుతోంది. తల ఊపితే చాలు. అప్పుడు మీ స్వరూప ఏమందో తెలుసా?

"వద్దు మేడం. ఫిట్ అని ఒక్క ముక్కనే రాయుండ్రి. దాని పక్కన ఇంకో మాట ఉంటే ఎవలేం చదువుకుంటరో."

ఆమె తల అడ్డంగా ఊపి, ఒక్క ముక్కే రాసింది. ఆ కాగితం జాకెట్లో దాచుకుని బయటికొచ్చాను. దారి పొడుగునా తిరుపతి నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. ఇంటికి చేరాక అత్తమ్మ "ఏమన్నరు?" అని అడిగింది. "ఫిట్" అన్నాను. ఆవిడ ఎవరో చనిపోయిన కబురు విన్నట్టు కూలబడింది. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది, పులుసు గిన్నె కడిగి తీసుకుని మరీ. నీళ్లు నేనే పట్టుకున్నాను.

మర్నాడు కాగితం తీసుకెళ్లి రాజయ్య సారుకు ఇచ్చాను. ఆయన ఈసారి తల ఎత్తాడు, నా కడుపు చూశాడు, మొదటిసారి చూసినట్టు.

"అసలు ఎందుకు పెట్టినవమ్మా గా దరఖాస్తు?"

"కుర్చీ కోసం సార్."

"కుర్చీ కోసమా? నోటితోని ఒక్క మాట చెప్తే అదే దినం నేనే ఇప్పిస్తుంటి గద."

"ఇప్పుడు ఇప్పియ్యుండ్రి సార్."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పుడెట్లమ్మా? డాక్టరే ఫిట్ అని రాసిచ్చె. తేలిక పని అని ఒక్క ముక్క ఉన్నా ఇస్తుంటి" అన్నాడు, నిజంగానే బాధపడుతూ.

తొమ్మిదో నెల సగం దాకా నిలబడే దీపాలిచ్చాను. ఎవరు ఎట్లున్నవంటే ఫిట్ అన్నాను. ఆడపిల్ల పుట్టింది, బాగుంది. సెలవయ్యాక మళ్లీ డ్యూటీ ఎక్కాను, ఆ ఉద్యోగం ఇప్పటికీ నాదే. తిరుపతి లారీ నడుపుతున్నాడు. మేం ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

కాబట్టి అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. స్వరూప అను నేను, నడుము విరిగినా, కాళ్లు పడిపోయినా, ఒంట్లో బాగోలేదన్న సంగతి ఇకపై ఏ కాగితం మీదా రాయను, ఏ మనిషికీ చెప్పను, ముఖ్యంగా కట్టుకున్నవాడికి. ఈ ప్రమాణం ఇప్పటివరకు తప్పలేదు. పోయిన నెల నాకు నూట రెండు జ్వరం వచ్చింది. తిరుపతి పక్కన కూర్చుని నుదురు మీద చెయ్యి వేసి, "ఏమైంది స్వరూపా, ఒళ్లు కాలుతున్నది" అన్నాడు. ఆయన చెయ్యి పక్కకు తీసి, "ఏం లేదు, ఫిట్‌గనే ఉన్న" అని లేచి డ్యూటీకి పోయాను. పాపం, ఆ రోజు ఆయన ఉత్త ప్రేమతోనే అడిగాడేమో.